ఉతికిన ఖాకీ

బొమ్మ సైనికుడి చొక్కాకి రంగు వేసే ముందు నేను సీసాల వైపు చూడను. ఆ మనిషి ఆ చొక్కాని ఎన్నాళ్ళుగా తొడుగుతున్నాడు, ఎలాంటి నీళ్ళలో ఉతికాడు, ఎక్కడ ఆరేశాడు, ఇస్త్రీ చేసే వీలు ఉందా లేదా అన్నది ముందు తేల్చుకుంటాను. అది తేలితే రంగు వెతుక్కోవడం పెద్ద పని కాదు.

ఈ పని కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు నన్ను ముందుగా అడిగేది "అన్నా, ఖాకీకి ఏ నంబర్ కొనాలి?" అని. నంబర్ చెప్తాను, అందులో దాచుకోడానికేముంది. వాలెహో కంపెనీ రంగుల్లో 988, టమియా కంపెనీ రంగుల్లో ఎక్స్‌ఎఫ్-49. రెండూ మంచి రంగులే. కానీ ఆ రంగుని బొమ్మంతా ఒకే పూతగా పూసేస్తే వచ్చేది అప్పుడే తాను చింపి కుట్టిన చొక్కా. నెలల తరబడి ఎండలో తిరిగి, మూట మోసి, నేల మీద పడుకున్న మనిషి చొక్కా అలా ఉండదు.

పగలు గాజువాకలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. రాత్రి భోజనాలయ్యాక బల్ల దగ్గర కూర్చుంటాను. ఎక్కువగా 1/35 స్కేలు బొమ్మలు వేస్తాను, అంటే నిలబడిన మనిషి 50 మి.మీ. ఎత్తు ఉంటాడు. వీలైనప్పుడు 75 మి.మీ. రెసిన్ బొమ్మ ఒకటి తెప్పించుకుంటాను. యూనిఫాం గురించి నాకు తెలిసినదాంట్లో సగం పుస్తకాల్లో చదివింది కాదు. మా అమ్మానాన్నలకి విశాఖలో సింధియా దగ్గర లాండ్రీ ఉండేది. నేవీ క్వార్టర్స్ నుంచి మూటలు మూటలుగా యూనిఫాంలు వచ్చేవి. నేను స్కూలు నుంచి వచ్చి గుర్తులు చూసి బట్టలు వేరుచేసేవాణ్ణి. ఏ చొక్కా కొత్తది, ఏది రెండేళ్ళది, ఏది ఇక గుడ్డపేలికలకి పోవాల్సింది అన్నది చేత్తో పట్టుకుంటే తెలిసిపోయేది.

నూలు బట్ట అంతటా ఒకేలా వెలవదు. భుజాలు ముందు వెలుస్తాయి, అక్కడ ఎండ నేరుగా పడుతుంది కాబట్టి. కాలర్ మడత లోపల, జేబు మూత కింద, చంకల్లో అసలు రంగు మిగిలి ఉంటుంది. బట్ట రెండు మూడు పొరలు ఉన్నచోట, అంటే కాలర్ అంచు, గుండీల పట్టీ, జేబు మూత చివర, ఇస్త్రీ పెట్టె గట్టిగా రాసుకుంటుంది. ఉతికేటప్పుడు బండకి తగిలేదీ ఆ అంచే. అందుకే అంచులు తెల్లబడి, కుట్టు పక్కన సన్నటి గీతలా ముదురు రంగు నిలుస్తుంది. నిక్కరు వెనక భాగం, మోకాళ్ళు నున్నగా అరిగి పలచబడతాయి. బెల్టు, భుజం పట్టీలు ఎప్పుడూ ఉండే చోట మాత్రం ఎండ తగలదు కాబట్టి కింద బట్ట ముదురుగానే ఉండిపోతుంది. బొమ్మ మీద షేడ్ ఎక్కడ, హైలైట్ ఎక్కడ అన్న ప్రశ్నకి ఇందులోనే చాలావరకు జవాబు ఉంది.

ఖాకీ డ్రిల్ అంటే ఏటవాలు నేత ఉన్న గట్టి నూలు బట్ట. ఖాకీ కథ మన ఉపఖండంలోనే మొదలైంది. 1846లో పెషావర్‌లో హ్యారీ లమ్స్‌డెన్ ఆధ్వర్యంలో గైడ్స్ దళం ఏర్పడింది. ఎర్ర కోట్లు వేసుకుని దూరం నుంచే కనపడే సైన్యంలో మట్టిరంగు బట్టలతో తిరిగిన మొదటి దళాల్లో అది ఒకటి. రెండో ప్రపంచ యుద్ధం మొదటి ఏళ్ళలో ఎండ దేశాల్లో ఉన్న భారత సైనికుల్లో చాలామంది ఒంటి మీద ఈ ఖాకీ డ్రిల్లే. 1941లో ఎరిట్రియాలో కెరెన్ కొండల మీద పోరాడిన 4వ, 5వ భారత డివిజన్లది ఇదే బట్ట. అక్కడే రాజ్‌పుతానా రైఫిల్స్ సుబేదార్ రిచ్‌పాల్ రామ్ ప్రాణాలిచ్చి విక్టోరియా క్రాస్ అందుకున్నాడు. ఆ మరుసటి ఏడాది 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా విశాఖ రేవు మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఏప్రిల్ ఎండలో ఆ రోజు ఇక్కడ కాపలా ఉన్న సైనికుణ్ణి బొమ్మగా చెయ్యాలన్నా ముందు ఖాకీ డ్రిల్ వెయ్యడం రావాలి.

నేను వేసే పద్ధతి ఇది. మోల్డ్ లైన్లు, అంటే అచ్చు అతుకుల దగ్గర మిగిలే గీతలు, గీకేసి, సబ్బునీళ్ళతో కడిగి, బూడిద రంగు ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే మొదటి పూత) కొడతాను. ఆరాక పైనుంచి ఏటవాలుగా తెల్ల ప్రైమర్ పలచగా చిమ్ముతాను. ఎండ నడినెత్తిన ఉంటే వెలుగు ఎక్కడ పడుతుందో అక్కడే తెలుపు నిలుస్తుంది. బొమ్మని అలా దీపం కింద పెట్టి నాలుగు వైపులా ఫోన్‌తో ఫోటోలు తీసిపెట్టుకుంటాను, తర్వాత రంగు వేసేటప్పుడు అవే దారి చూపిస్తాయి. ఇంత చిన్న బొమ్మ మీద మడతలకి సొంతంగా నీడ పడదు, పడ్డా కంటికి ఆనదు. నీడని మనమే వెయ్యాలి.

ఖాకీ 988ని పాలలా పలచగా చేసి రెండు మూడు పూతలు వేస్తాను (ఇక్కడి నుంచి నంబర్లన్నీ వాలెహోవే). నీడకి 921 ఇంగ్లిష్ యూనిఫాం కలుపుతాను. ఇంకా లోతుకి ముదురు గోధుమ. నలుపు మాత్రం కలపను. ఖాకీలో నలుపు పడితే అది నీడలా ఉండదు, మసి అంటినట్టు ఉంటుంది. వెలుగు వైపు 819 ఇరాకీ శాండ్ కలుపుకుంటూ పోతాను, తెలుపు కలపను. తెలుపు కలిపిన ఖాకీ సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. ఎండకి వెలిసిన ఖాకీలో పసుపు ఛాయ పోదు. ఇసుక రంగు ఆ ఛాయని కాపాడుతుంది. చివరిగా భుజాల మీద, కాలర్ అంచున, జేబు మూత చివర ఇంకాస్త లేత గీత. 1/35లో గుండీ అర మి.మీ. కూడా ఉండదు. కుట్టు అసలు కనిపించకూడదు. అందుకే కుట్టుని గీయను, దాని పక్కన నీడని మాత్రం సన్నగా లాగుతాను. చూసేవాళ్ళ కన్ను మిగతాది నింపుకుంటుంది.

మా అమ్మకి ఇప్పుడు కళ్ళజోడు లేకపోతే దారం ఎక్కదు. అయినా బట్ట విషయంలో ఆవిడ చూపు తప్పదు. విదేశీ పోటీలో బహుమతి వచ్చిన ఒక బొమ్మ ఫోటో ఫోన్‌లో పెద్దది చేసి చూపించాను. ముఖం అద్భుతంగా వేశారు, కళ్ళలో తడి కూడా ఉంది. అమ్మ కాసేపు చూసి అంది: "మొకం బానే ఉంది గానీ, ఏటిరా ఈ సొక్కా? కొనీసినట్టుంది, తొడుక్కున్నట్టు నేదు. మెడకాడ సూడు, మాసిందా?" అప్పటి నుంచి బొమ్మ పూర్తవగానే ముందు అమ్మకి చూపిస్తాను. ఆవిడకి నచ్చాకే వార్నిష్.

ఖాకీ డ్రిల్‌కి, సెర్జ్ అనే మందపాటి ఉన్ని బట్టకి తేడా తెలియకుండా రెండో ప్రపంచ యుద్ధం బొమ్మలు వెయ్యడం కష్టం. 1944లో ఇటలీలో, మాంటె కసీనో దగ్గర, మన 4వ డివిజన్ వాళ్ళు ఉన్ని బ్యాటిల్‌డ్రెస్‌లో ఉన్నారు. విశాఖలో ఉన్ని బట్ట ఎవరికి తెలుసు? లాండ్రీకి స్కూలు బ్లేజర్లు వస్తే నాన్న వాటి మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసేవారు, నేరుగా పెట్టె పెడితే మెరుపు వచ్చేస్తుందని. ఉన్ని మడత గుండ్రంగా, లావుగా, మెత్తగా ఒంగుతుంది. నూలు మడత కోసుగా విరుగుతుంది. గంజి పెట్టిన నూలయితే కాగితం విరిగినట్టే. కాబట్టి ఉన్ని మీద నీడ నుంచి వెలుగుకి రంగు నెమ్మదిగా, అంచు తెలియకుండా కలిసిపోవాలి, ఒకదాని మీద ఒకటి పలచటి పూతలు చాలా వెయ్యాలి. నూలు మీద వెలుగు, నీడ పక్కపక్కనే నిలబడాలి. కలిపేస్తే పాడవుతుంది. ఇప్పుడు వచ్చే వీడియోల్లో అందరూ అన్ని బట్టలకీ ఒకే నునుపు కలపడం నేర్పుతున్నారు. నాకు అది నచ్చదు. వేళ్ళతో తాకితే తేడా తెలిసే రెండు బట్టలు, కంటికీ రెండుగా కనిపించాలి.

అన్నిటికన్నా నాకిష్టమైనది బర్మా వెళ్ళిన దళాల ఆకుపచ్చ. ఎడారికి కుట్టిన ఖాకీ అడవిలో పనికి రాలేదు. జంగిల్ గ్రీన్ బట్ట అందరికీ అందేలోపు ఖాకీ డ్రిల్‌నే ఆకుపచ్చలో అద్దేశారు. అద్దకం బట్ట గురించి లాండ్రీ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక బానలో ముంచిన బట్టలు కూడా ఒకే రంగులో తేలవు. కుట్ల దగ్గర రంగు చిక్కబడుతుంది, మడత పడ్డచోట పలచబడుతుంది, పాత బట్ట ఎక్కువ తాగుతుంది, కొత్త బట్ట తక్కువ. తర్వాత ఉతికిన కొద్దీ పచ్చ పోయి అడుగున ఖాకీ తేలుతుంది. అందుకే 1944 కోహిమా యుద్ధం సమయంలోని ఒక దళాన్ని చేస్తే నేను నలుగురికి నాలుగు ఆకుపచ్చలు వేస్తాను. ఒకడి చొక్కా బూడిద తిరిగిన పచ్చ, ఇంకొకడిది ఇంకా ముదురు, మూడోవాడి నిక్కరుకీ చొక్కాకీ పొంతన ఉండదు. చెమట బాగా పట్టిన వీపు మీద మధ్యలో ముదురు మచ్చ, దాని చుట్టూ ఉప్పు తేలిన లేత అంచు. విశాఖలో మే నెలలో బస్సు దిగిన ఏ మనిషి వీపు చూసినా ఆ అంచు ఎలా ఉంటుందో తెలుస్తుంది. మూట మోసేవాడికైతే ఆ మచ్చ మూట ఆకారంలో పడుతుంది. ఇది 887 ఆలివ్ డ్రాబ్‌కి కాస్త గోధుమ కలిపి, నీళ్ళలా పలచగా చేసి, పూత మీద పూతగా వేస్తేనే వస్తుంది. ఒక్కసారే వేస్తే మరకలా తేలిపోతుంది.

తెలుపు గురించి ఎక్కువ చెప్పాలి. విశాఖలో ఉండి నేవీ బొమ్మ వెయ్యకుండా ఉండలేం. నేవీ విన్యాసాలు ఇక్కడ పెట్టిన ఏడాది ఆర్కే బీచ్‌లో రిహార్సల్స్ జరుగుతాయి. 1971 డిసెంబర్ 4న మన మిసైల్ బోట్లు కరాచీ మీద చేసిన దాడికి గుర్తుగా జరిగే నేవీ డే కోసం. జనం హెలికాప్టర్లని చూస్తుంటే నేను నావికుల ప్యాంట్లు చూస్తుంటాను. తెల్లబట్ట ఎండలో తెల్లగా ఉండేది చాలా తక్కువ చోట. పొద్దున్న సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు. ఊరి వైపు తిరిగిన భాగం నీడలో ఉండి ఆకాశపు నీలం పట్టుకుంటుంది. మోకాళ్ళ కింద మాత్రం ఆ నీలం ఉండదు, ఇసుక మీద పడి లేచిన వెలుగు అక్కడ కొంచెం వెచ్చటి రంగు వేస్తుంది. ఒకే ప్యాంటు పైన నీలి తెలుపు, కింద ఇసుక తెలుపు.

దానికి తోడు మన వాళ్ళు తెల్లబట్టకి నీలం పెడతారు. మా లాండ్రీలో సగ్గుబియ్యం గంజిలోనే నీలం చుక్కలు కలిపేవారు. కొత్త తెల్లచొక్కాకి నీలం అక్కర్లేదు, అది దానంతట తెల్లగానే ఉంటుంది. ఏడాది వాడిన చొక్కా పసుపు తిరుగుతుంది, దాన్ని కప్పడానికి నీలం. కాబట్టి పాత తెల్ల యూనిఫాం నీడలో ఒక చల్లదనం ఉంటుంది, కాలర్ లోపల, చంకలో మాత్రం ఆ పసుపు దొరికిపోతుంది. నేను తెలుపుని 883 సిల్వర్‌గ్రేతో మొదలుపెడతాను. నీడకి అందులో ముదురు నీలం ఒక్క బొట్టు. ప్యాంటు కింద భాగానికి నీలం బదులు ఇరాకీ శాండ్ బొట్టు. ఆ పైన 820 ఆఫ్‌వైట్. అచ్చమైన తెలుపు 951ని టోపీ పైభాగానికి, భుజాలకి, ఇస్త్రీ మడత అంచుకి మాత్రమే దాచిపెడతాను. ముందే తెలుపు వాడేస్తే ఇక పైకి వెళ్ళడానికి మెట్టు ఉండదు.

ఇస్త్రీ మడత గురించి కూడా. ప్యాంటు ముందు క్రీజ్‌ని చాలామంది తెల్లగీతగా గీస్తారు. అక్కడ నిజానికి గీత లేదు, రెండు పలకలు కలిసే అంచు ఉంది. వెలుగు వైపు పలక లేతగా, రెండో పలక ఒక్క ఛాయ ముదురుగా వేస్తే మధ్యలో క్రీజ్ దానంతటదే లేస్తుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన బట్టకి సన్నటి మెరుపు కూడా ఉంటుంది. అందుకని పరేడ్ బొమ్మకి మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్‌లో కాస్త శాటిన్ (కొద్దిగా మెరిసేది) కలుపుతాను. కెరెన్ సిపాయికి, బర్మా సిపాయికి పూర్తి మ్యాట్, పొడిమట్టిలా.

ముఖం దగ్గర మనకి ఒక ప్రత్యేకమైన పని ఉంది. సీసాల మీద చర్మం రంగు అని రాసి ఉన్నవి ఎక్కువగా తెల్లవాళ్ళ చర్మానికి చేసినవి. మన ముఖానికి నేను 984 ఫ్లాట్ బ్రౌన్, 843 కార్క్ బ్రౌన్ కలిపి మొదలుపెడతాను. చెంప ఎముక మీద వెలుగు గులాబీ కాదు, పసుపు కలిసిన నారింజ. కంటి కింద, ముక్కు పక్కన నీడలో ఎరుపు తిరిగిన ముదురు గోధుమ. గోధుమ చర్మం, ఖాకీ బట్ట రెండూ దగ్గర దగ్గర ఛాయలు కాబట్టి మెడ దగ్గర ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కాలర్ లోపలి అంచున చిక్కటి నీడ గీత లేకపోతే తల చొక్కాకి అతికించినట్టు ఉంటుంది.

ఇప్పటి సైన్యం బొమ్మలు వేసేవాళ్ళు కామఫ్లాజ్ గురించి అడుగుతుంటారు. 2022 జనవరి 15న ఆర్మీ డే పరేడ్‌లో కొత్త డిజిటల్ యూనిఫాం మొదటిసారి కనిపించింది. దాన్ని 1/35లో చుక్క చుక్కగా వెయ్యడం అయ్యే పని కాదు, అవసరమూ లేదు. మచ్చల గుంపుల ఆకారం, ఏ రంగు ఎంత శాతం కనిపిస్తోంది అన్నది పట్టుకుంటే చాలు. దానికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, టైలర్ పని తెలిసినవాళ్ళకి అది వెంటనే కనిపిస్తుంది. జేబు మూతని తానులో వేరే చోట నుంచి కత్తిరిస్తారు. కాబట్టి చొక్కా మీది మచ్చ జేబు మూత మీదకి సాగదు, అక్కడ తెగిపోయి వేరే మచ్చ మొదలవుతుంది. చేతి కుట్టు దగ్గర, కాలర్ దగ్గర కూడా అంతే. మచ్చని జేబు మీదుగా పాకించేశారంటే అది బట్ట కుట్టినట్టు ఉండదు, మనిషి ఒంటికి నేరుగా రంగు పూసినట్టు ఉంటుంది. మచ్చలన్నీ వేశాక మొత్తం మీద లేత ఇసుక రంగుని పలచగా ఒకసారి నడిపిస్తే రంగుల మధ్య అరుపు తగ్గుతుంది.

పతకాల రిబ్బన్లు తప్పు వెయ్యకూడదు, అది ఆ మనిషికి ఇచ్చే మర్యాద. పరమవీర చక్ర ముదురు ఊదా. మహావీర చక్ర సగం తెలుపు, సగం నారింజ. వీర చక్ర సగం నీలం, సగం నారింజ. అసలు రిబ్బన్ వెడల్పు 32 మి.మీ., 1/35 బొమ్మ మీద ఒక మి.మీ. లోపే. మంచి మొన ఉన్న కుంచె ఒక్కటి దీనికోసమే పక్కన పెట్టుకోవాలి. మిగతా పనికి జగదాంబ దగ్గర దొరికే మామూలు బ్రష్‌లు సరిపోతాయి.

మన ఊరి గాలి సంగతి కూడా చెప్పాలి. ఉక్కపోత రోజున స్ప్రే వార్నిష్ కొట్టకండి. గాలిలో తేమ వార్నిష్‌లో చిక్కుకుని బొమ్మంతా తెల్లటి పొర కడుతుంది. జూన్ నుంచి నవంబర్ దాకా నేను వార్నిష్‌ని బ్రష్‌తోనే వేస్తాను. ఎనామిల్ డబ్బాల మూతలు ఉప్పుగాలికి తుప్పు పట్టి లేవకుండా పోతాయి, మూత అంచుకి కాస్త వ్యాసలిన్ రాసి పెట్టండి. ఫ్యాన్ కింద అక్రిలిక్ ప్లేటులోనే గడ్డకడుతుంది, తడిగుడ్డ మీద బటర్ పేపర్ పరిచి దాని మీద రంగు కలుపుకుంటే గంటల తరబడి నిలుస్తుంది. పూర్తయిన బొమ్మల అద్దాల పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు.

ఇప్పుడు నా బల్ల మీద 1971 యుద్ధం నాటి పదాతి సైనికుడు ఉన్నాడు, 75 మి.మీ. చేతిలో ఇషాపూర్ ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్, కర్రభాగాలతో సహా. ఒంటి మీద ఆలివ్ గ్రీన్ నూలు చొక్కా. ఆ కాలపు ఆలివ్ గ్రీన్ ఉతికాక ఏ వైపు వెలుస్తుందో, పసుపు వైపా, బూడిద వైపా, ఆ కాలపు బట్ట కళ్ళారా చూసి వెయ్యాలని నా పట్టుదల. ఫోటోల్లో రంగు ఫిల్ముది, బట్టది కాదు. మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో సైన్యంలో పనిచేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. మీ తాతగారిదో, పెదనాన్నగారిదో ఆ కాలపు చొక్కా ట్రంకు పెట్టెలో ఉంటే, కాలర్ ఎత్తి లోపలి రంగు, భుజం రంగు పక్కపక్కన కనిపించేలా పగటి వెలుగులో ఒక ఫోటో తీసి పంపండి. పక్కన ఒక తెల్లకాగితం పెట్టి తీస్తే రంగు సరిగ్గా అంచనా వెయ్యొచ్చు. చొక్కాని ఉతకొద్దు, ఇస్త్రీ చెయ్యొద్దు, ఉన్నది ఉన్నట్టే తియ్యండి.